ఫాల్ట్ ట్రీ, ఈవెంట్ ట్రీ గీయడం ఎలా? విశాఖ స్టైరీన్ ట్యాంకు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

ప్లాంటుల్లో సేఫ్టీ మీటింగ్ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు అనే మాట ఇది: "మూడు రక్షణలున్నాయి సార్, మూడూ ఒకేసారి పోవు." ఆ మాటను కాగితం మీద పెట్టి నిలదీసే పద్ధతే ఫాల్ట్ ట్రీ. చాలామంది దీన్ని గేట్లు, గుర్తుల పాఠంగా నేర్చుకుంటారు. చెట్టు గీస్తారు, సాఫ్ట్‌వేర్ ఒక సంఖ్య ఇస్తుంది, అది ఫైల్లోకి పోతుంది. ఆ మూడు రక్షణలకూ ఒకదానితో ఒకటి నిజంగా సంబంధం లేదా అని మాత్రం ఎవరూ అడగరు. చెట్టు గీసేదే ఆ ప్రశ్న అడగడానికి.

ఉదాహరణగా 2020 మే 7 నాటి విశాఖపట్నం ప్రమాదాన్ని తీసుకుందాం. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో ఎం-6 అనే నిల్వ ట్యాంకు నుంచి తెల్లవారుజామున స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి ఊళ్ళ మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. కింద గీసే చెట్టు ఆ నివేదికలోది కాదు, పద్ధతి చూపడానికి నేను బాగా కుదించి గీసింది. అందులోని సంఖ్యలన్నీ లెక్క కోసం అనుకున్నవే. కమిటీ చెప్పిన విషయాలు వచ్చిన చోట అవి కమిటీవని చెబుతాను.

ముందు రసాయనం సంగతి. స్టైరీన్ అణువులు వాటంతట అవే నెమ్మదిగా ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్‌గా, అంటే పొడవాటి గొలుసు అణువులుగా మారుతుంటాయి (దీన్నే పాలిమరైజేషన్ అంటారు). ఆ మార్పులో వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా వేగం అందుకుంటుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచుతారు, టీబీసీ అనే నిరోధక రసాయనం కలుపుతారు. టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. పైగా టీబీసీ రోజురోజుకీ ఖర్చవుతూ ఉంటుంది, ద్రవం వేడెక్కితే మరింత త్వరగా అయిపోతుంది. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

ఏ చెట్టు ఎప్పుడు

ఫాల్ట్ ట్రీ వెనక్కి నడుస్తుంది. జరగకూడనిది ఒకటి పైన రాసి, "ఇది జరగాలంటే ఏం జరిగి ఉండాలి?" అని కిందికి దిగుతాం. ఈవెంట్ ట్రీ ముందుకు నడుస్తుంది. ఒక లీకు మొదలైందని అనుకుని, "ఆ తర్వాత ఏమవుతుంది?" అని ఎడమ నుంచి కుడికి వెళ్తాం. రెండింటినీ ఒకే సంఘటన దగ్గర కలిపితే బో-టై అంటారు.

ఫాల్ట్ ట్రీ 1961-62 ప్రాంతంలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌లో పుట్టింది. మినిట్‌మాన్ క్షిపణుల ప్రయోగ నియంత్రణ వ్యవస్థ కోసం హెచ్.ఎ. వాట్సన్ దాన్ని రూపొందించాడు. తర్వాత బోయింగ్ అందుకుంది. ఈవెంట్ ట్రీకి పేరు తెచ్చింది 1975లో నార్మన్ రాస్ముసెన్ నాయకత్వంలో వచ్చిన అణు రియాక్టర్ల భద్రతా అధ్యయనం. మొత్తం రియాక్టర్‌కి ఒకే ఫాల్ట్ ట్రీ గీయబోతే అది చేతిలో ఇమడలేదు. అందుకని ప్రమాదం నడిచే క్రమాన్ని ఈవెంట్ ట్రీలో పెట్టి, ఒక్కో కొమ్మకీ విడిగా ఫాల్ట్ ట్రీ తగిలించారు. మీ ప్లాంటు చిన్నదైనా ఇదే దారి మంచిది.

ఏయే పరికరం ఎలా పాడవుతుందో జాబితా కావాలంటే మాత్రం ఈ చెట్లు వద్దు. దానికి ఎఫ్ఎంఈఏ, హజాప్ అనే వేరే పద్ధతులు ఉన్నాయి. చెట్టు అవసరమయ్యేది రెండు మూడు లోపాలు కలిస్తేనే ప్రమాదం జరిగే చోట.

మొదటి అడుగు: టాప్ ఈవెంట్ రాయడం

టాప్ ఈవెంట్ అంటే చెట్టు పైన రాసే, జరగకూడని సంఘటన. "ట్యాంకు భద్రత దెబ్బతినడం" అని రాస్తే చెట్టు ఎటైనా పోతుంది. ఏం జరిగింది, ఎక్కడ, ఏ పరిస్థితిలో అన్న మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. మన ఉదాహరణకి: "ప్లాంటు ఆగి ఉన్న వేసవి రోజుల్లో, నిండుగా ఉన్న స్టైరీన్ ట్యాంకులో పాలిమరైజేషన్ అదుపు తప్పి ఆవిరి బయటికి రావడం."

"ప్లాంటు ఆగి ఉన్న" అన్న మాట ఊరికే పెట్టలేదు. నడిచే ప్లాంటులో సరుకు వస్తూ పోతూ ఉంటుంది. ఆగిన ప్లాంటులో అదే సరుకు వారాల తరబడి కదలకుండా కూర్చుంటుంది. 2020 మార్చి ఆఖర్లో మొదలైన లాక్‌డౌన్‌లో జరిగింది అదే. నడుస్తున్నప్పటి చెట్టు, ఆగినప్పటి చెట్టు, మళ్ళీ స్టార్ట్ చేస్తున్నప్పటి చెట్టు వేర్వేరుగా ఉంటాయి. ఒక్కటే గీయగలిగితే ఆగినప్పటిది గీయండి, ఎందుకంటే అది ఎవరూ గీయరు.

రెండో అడుగు: హద్దులు

చెట్టులోకి ఏం వస్తుంది, ఏం రాదు అన్నది ఒక పేజీలో రాసేయండి. భూకంపం, విద్రోహం వదిలేశాం. కరెంటు సరఫరాను ప్లాంటు సబ్‌స్టేషన్ వరకే చూస్తాం. పంపు వరకూ వెళ్తాం గానీ పంపులోని బేరింగ్ వరకూ వెళ్ళం. ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఒక చిన్న కొలత ఉంది: మీ దగ్గర లెక్కలున్న చోట, లేదా మీరు మరమ్మతు చేయగలిగిన చోట ఆగండి.

మూడో అడుగు: కూర్చోబెట్టాల్సిన మనుషులు

డిజైన్ ఇంజినీరు, మెయింటెనెన్స్ ఫోర్‌మన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్, రాత్రి షిఫ్ట్ ఆపరేటరు. ఈ ఆఖరి మనిషిని తప్పకుండా పిలవండి. డ్రాయింగులో చిల్లర్ (ట్యాంకును చల్లబరిచే యంత్రం) 24 గంటలూ నడుస్తుంది. సాయంత్రం ఎవరైనా కట్టేస్తున్నారా అన్నది ఆపరేటరుకే తెలుస్తుంది. ఎం-6 శీతలీకరణ రోజంతా నడవలేదని కమిటీ చెప్పింది. అలాంటి విషయం ఏ డ్రాయింగులోనూ కనిపించదు.

నాలుగో అడుగు: దగ్గరి కారణం మాత్రమే

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. టాప్ ఈవెంట్ కింద వెంటనే "ట్రైనింగ్ లేదు", "వాల్వ్ పాడైంది" అని రాసేస్తారు. అలా దూకకండి. ఆ సంఘటనకు ఆనుకుని ఉన్న కారణాలు, అవి ఉంటే చాలు, అవి లేకపోతే కుదరదు అన్నవి మాత్రమే రాయాలి. ఒక్కో మెట్టు దిగాలి.

ప్రతి గేటు కిందా ఒక పూర్తి వాక్యం ఉండాలి. వాక్యం లేకుండా గేటు కింద నేరుగా ఇంకో గేటు పెడితే, మధ్యలో ఏదో ఆలోచించకుండా దాటేశారని అర్థం. ఒక గేటు కింద ఉన్నవన్నీ రాశాకే వాటిలో ఒకదాని లోతుకి వెళ్ళాలి. ఇంకో నియమం ఉంది, దానికి "అద్భుతాలు వద్దు" అని పేరు: ఏదో ఒక పరికరం సరిగ్గా సమయానికి అనుకోకుండా పాడై ప్రమాదాన్ని ఆపేస్తుందని లెక్కలో పెట్టుకోకూడదు.

గేట్ల విషయానికొస్తే, కింద ఉన్న వాటిలో ఏ ఒక్కటి జరిగినా పైది జరిగితే ఆర్ గేటు. అన్నీ జరిగితేనే పైది జరిగితే ఆండ్ గేటు. మిగతా గుర్తులు మొదటి చెట్టుకి అక్కర్లేదు.

పరికరం ఏదైనా వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పొలంలో బోరు మోటారునే తీసుకోండి. మామూలుగా వాడుతుండగానే వైండింగ్ పోయింది, ఇది ప్రైమరీ లోపం. లో వోల్టేజీలో నడిచి కాలిపోయింది, ఇది సెకండరీ: తప్పు మోటారుది కాదు, దాని మీద పడ్డ ఒత్తిడిది. మోటారు భేషుగ్గా ఉంది, కరెంటూ ఉంది, స్టార్టర్ నొక్కినవాళ్ళే లేరు. ఇది కమాండ్ లోపం. మొదటిది ఎవరైనా రాస్తారు, మూడోదే మర్చిపోతారు. బాగా ఉన్న చిల్లర్‌ను ఆపి ఉంచడం మూడో రకంలోకే వస్తుంది. మెయింటెనెన్స్ రిజిస్టరులో దాని జాడ ఉండదు, ఎందుకంటే ఏదీ పాడవలేదు.

ఐదో అడుగు: గీయడం

పెద్ద కాగితం, పెన్సిలు, అతికించే చీటీలు చాలు. సాఫ్ట్‌వేర్ తర్వాత. మన చెట్టు మాటల్లో ఇలా ఉంటుంది:

టాప్ (ఆండ్): ఆవిరి బయటికి రావడం
— వేడి బయటికి పోలేదు (ఆర్)
—— ర: శీతలీకరణ నడవలేదు
—— మ: ద్రవం కలియతిరగలేదు, పైపొర వేడిగా ఉండిపోయింది
— నిరోధకం పనిచేయలేదు (ఆర్)
—— ట: టీబీసీ ఖర్చయింది, మళ్ళీ కలపలేదు
—— ఆ: కరిగిన ఆక్సిజన్ తగ్గింది
— సమయానికి ఆపలేదు (ఆర్)
—— క: వేడెక్కిన పొర కొలతలో కనబడలేదు
—— చ: కనబడినా, చేయడానికి మనిషో కలపడానికి నిరోధకమో లేదు

ఇవేవీ ఊహించి పెట్టినవి కావు. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగు భాగంలోనే ఉందని, 2019 డిసెంబరులో పైపుల్లో చేసిన మార్పు వల్ల ద్రవం కలియతిరగడం దెబ్బతిందని, ఆక్సిజన్ కొలవలేదని, టీబీసీ ప్లాంటులో నిల్వ లేదని కమిటీ గుర్తించింది. అడుగున చల్లగా, పైన వేడిగా ఉన్న ట్యాంకులో అడుగున థర్మామీటరు పెడితే అది నిజమే చెబుతుంది, పనికొచ్చే నిజం కాదు.

ఆరో అడుగు: కట్ సెట్లు

టాప్ ఈవెంట్ జరగడానికి సరిపోయే అతి చిన్న కలయికల్ని మినిమల్ కట్ సెట్లు అంటారు. ఆర్‌ను కూడికగా, ఆండ్‌ను గుణకారంగా రాస్తే మన చెట్టు (ర+మ)(ట+ఆ)(క+చ). విప్పితే ఎనిమిది వస్తాయి: రటక, రటచ, రఆక, రఆచ, మటక, మటచ, మఆక, మఆచ. అన్నిట్లోనూ మూడేసి లోపాలున్నాయి. "మూడూ ఒకేసారి పోవు సార్" అనే ధీమా ఇక్కడినుంచే వస్తుంది.

ఇప్పుడు కరెంటు పోవడం అనే సంఘటన చేర్చండి, దాన్ని వ అందాం. కరెంటు పోతే చిల్లర్ ఆగుతుంది. ఉష్ణోగ్రత చూపే ప్యానెల్ కూడా అదే ఫీడరు (కరెంటు లైను) మీదుంటే అదీ ఆగుతుంది. కాబట్టి వ మొదటి కొమ్మలోనూ ఉంది, మూడో కొమ్మలోనూ ఉంది. విప్పితే వ·ట·వ వస్తుంది. ఒకే సంఘటన రెండుసార్లు జరగదు గనుక వ·వ అంటే వ మాత్రమే. కట్ సెట్ వట అయింది, మూడు లోపాలు రెండయ్యాయి.

లెక్కలో తేడా ఎంతో చూడండి. కరెంటు పోయే అవకాశం 0.01, నిరోధకం పనిచేయని అవకాశం 0.09 అనుకుందాం. గుడ్డిగా గుణిస్తే 0.01 × 0.09 × 0.01 = 0.000009. సరైన లెక్క 0.01 × 0.09 = 0.0009. నూరు రెట్లు! అందుకే ఏ సంఘటన ఎక్కడ కనిపించినా దానికి ఒకే పేరు, ఒకే కోడ్ ఉండాలి. ఒకచోట "పవర్ ఫెయిల్", ఇంకోచోట "సరఫరా లేదు" అని రాస్తే సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేర్వేరు సంఘటనలుగా లెక్కిస్తుంది.

ఏడో అడుగు: సంఖ్యలు

ఒక వేసవికి ఈ అవకాశాలు అనుకుందాం: ర 0.10, మ 0.05, ట 0.05, ఆ 0.04, క 0.10, చ 0.05. కొమ్మలవారీగా కూడితే 0.15, 0.09, 0.15. మూడూ గుణిస్తే 0.002 పైచిలుకు. ఆర్ గేటుకి కచ్చితమైన సూత్రం, అంటే 1 − (1−అ)(1−బ), వాడితే (అ, బ అంటే ఆ గేటు కింది రెండు లోపాల అవకాశాలు) 0.145 × 0.088 × 0.145, సుమారు 0.00185. తేడా చిన్నది. సంఖ్యలు చిన్నవైనంత కాలం మామూలు కూడిక సరిపోతుంది, పైగా అది ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది.

ఈ సంఖ్యలు ఎక్కడినుంచి తేవాలి? ముందు మీ సొంత లాగ్‌బుక్కు. అది లేకపోతే పరిశ్రమలో వాడుకలో ఉన్న డేటా పుస్తకాలు, సముద్రపు ఆయిల్ ప్లాట్‌ఫారాల లెక్కలున్న ఒరెడా లాంటివి. అవి మీ వాతావరణానివి కావని గుర్తుంచుకుని వాడండి. మామూలు రోజుల్లో వాడకుండా పక్కన ఉండే పరికరానికి, అంటే సైరన్, రిలీఫ్ వాల్వ్ లాంటి వాటికి, ఒక సూత్రం చాలు: పాడయ్యే రేటును పరీక్షల మధ్య ఉన్న కాలంతో గుణించి, రెండుతో భాగించండి. సగటున 5 ఏళ్ళకోసారి పాడయ్యే సైరన్‌ను 2 ఏళ్ళకోసారి పరీక్షిస్తే, అవసరమైన రోజున అది మోగకపోయే అవకాశం 0.2. ఆరు నెలలకోసారైతే 0.05. నెలకోసారైతే 0.008.

మనిషి చేసే తప్పుకి 0.001 అని రాసే అలవాటు మానుకోండి. నిద్రమత్తులో, ఒంటరిగా, పది అలారాల మధ్య పనిచేస్తున్న మనిషి లెక్క వేరు.

ఏ లోపం ఎంత ముఖ్యమో తెలియాలంటే, అది ఉన్న కట్ సెట్ల మొత్తాన్ని టాప్ సంఖ్యతో భాగించండి. ర వాటా 67 శాతం, క వాటా కూడా 67 శాతం, ట వాటా 56. రెండు సమానమే అయినా ఖర్చు సమానం కాదు. ట్యాంకు నడుమ, పైన థర్మామీటర్లు పెట్టి క ని 0.10 నుంచి 0.01కి దించితే టాప్ సంఖ్య 60 శాతం పడిపోతుంది. యాజమాన్యానికి చూపించాల్సింది ఇలాంటి వాక్యం. 0.00185 అన్న సంఖ్య వాళ్ళకేమీ చెప్పదు.

ఎనిమిదో అడుగు: ఆండ్ గేటును అనుమానించడం

అసలు పని ఇదే, దీనికి మిగతా అడుగులన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రతి ఆండ్ గేటు దగ్గరా ఆగి అడగండి: కింద ఉన్న వాటన్నిటినీ ఒకేసారి పడగొట్టగల కారణం ఏదైనా ఉందా? ఒకే ఫీడరు, ఒకే కాంట్రాక్టరు, ఒకే బ్యాచ్ విడిభాగాలు, ఒకే బడ్జెట్ కోత, ఒకే సెలవు.

మన చెట్టులో రెండు రకాల బంధాలున్నాయి. మొదటిది రసాయనంలోనే ఉంది. వేడెక్కితే టీబీసీ త్వరగా అయిపోతుందని మొదట్లోనే అనుకున్నాం. అంటే ర జరిగితే ట జరిగే అవకాశం కూడా పెరుగుతుంది, అవి విడివిడి సంఘటనలు కావు. రెండోది బయటినుంచి వచ్చేది: ప్లాంటు ఎక్కువ కాలం ఆగిపోవడం, కొద్దిమంది సిబ్బంది, నిండు ట్యాంకు. ఆ స్థితి చిల్లర్ నడిపే గంటల్నీ, టీబీసీ పరీక్షల్నీ, గమనించే కళ్ళనీ కలిపి తగ్గిస్తుంది.

దీన్ని లెక్కలో పెడదాం. ఆ స్థితి వచ్చే అవకాశం 0.02. అది వచ్చినప్పుడు మూడు కొమ్మల్లో ఒక్కొక్కటీ విఫలమయ్యే అవకాశం సగం, అంటే 0.5 × 0.5 × 0.5 = 0.125. దీన్ని 0.02తో గుణిస్తే 0.0025. చెట్టంతా కలిసి ఇచ్చిన 0.00185 కంటే ఈ ఒక్క స్థితి ఇచ్చిన సంఖ్యే పెద్దది! రెండూ కలిపితే సుమారు 0.0043. మొదటి లెక్కకు రెట్టింపు పైనే.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లోనూ కాగితం మీద రక్షణలు వరుసగా ఉన్నాయి. మిక్ (మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం) ట్యాంకుల శీతలీకరణను నెలల ముందే ఆపేశారు. గ్యాసును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవరు పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది. గ్యాసును కడిగి విషం తగ్గించాల్సిన స్క్రబ్బరు స్టాండ్‌బైలో ఉంది. ఆండ్ గేటు కింద ఒక్కో కొమ్మకి చిన్న సంఖ్య రాసి గుణించే ముందు, ఆ కొమ్మ ఇవాళ బతికి ఉందో లేదో వెళ్ళి చూసి రావాలి.

తొమ్మిదో అడుగు: ఈవెంట్ ట్రీ

ఆవిరి బయటికి వచ్చేసింది. ఇక్కడినుంచి కుడివైపుకి ప్రశ్నలు, కాలక్రమంలో. సైరన్ మోగిందా? జనం సమయానికి బయటపడ్డారా? గాలి ఊరివైపు వీచిందా లాంటివి ఇంకా చేర్చవచ్చు గానీ రెంటితోనే చూద్దాం.

ఆవిరి బయటికి వచ్చే అవకాశం, అంటే చెట్టు మొదలు, 0.004 అనుకోండి. సైరన్ మోగకపోవడం 0.2. మోగకపోతే జనం బయటపడలేకపోవడం 0.7, మోగితే 0.1. చెడు దారులు రెండు: 0.004 × 0.2 × 0.7 = 0.00056, ఇంకా 0.004 × 0.8 × 0.1 = 0.00032. మొత్తం 0.00088. సైరన్‌ను ఆరు నెలలకోసారి పరీక్షించి 0.2ను 0.05 చేస్తే మొత్తం 0.00052. ట్యాంకును ముట్టుకోకుండానే నలభై శాతం తగ్గింది.

రెండో ప్రశ్న అవకాశం మొదటి జవాబును బట్టి మారిందని గమనించండి. ఈవెంట్ ట్రీలో ఇది సహజంగా ఇముడుతుంది. ఒకే సంఖ్యను అన్ని కొమ్మల్లో అతికిస్తే మాత్రం చెట్టు గీసిన ఫలితం ఉండదు. విశాఖలో ఆవిరి వచ్చింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, ఊరు నిద్రలో ఉంది. సైరన్ మోగలేదని కమిటీ చెప్పింది. పగటి పూటకీ రాత్రికీ 0.7 ఒకటే కాదు, కాబట్టి ఈ చెట్టు రెండుసార్లు గీయాలి.

ఇంకో జాగ్రత్త: ఆ సైరన్ కూడా వ అన్న ఫీడరు మీదే ఉంటే, ఫాల్ట్ ట్రీలోని లోపం ఈవెంట్ ట్రీలోకి వచ్చినట్టే. అప్పుడు రెండు చెట్లనూ కలిపి కట్ సెట్లు తీయాలి. చేత్తో కుదరకపోతే ఓపెన్‌ఎఫ్‌టీఏ, స్క్రామ్ లాంటి సాధనాలు సాయపడతాయి.

పదో అడుగు: వాడుకలో ఉంచడం

చెట్టు పూర్తయ్యాక రాత్రి షిఫ్ట్ ఆపరేటరు చేతికివ్వండి. "ఇది ఇలా జరగదు" అని అతను వేలుపెట్టి చూపిన ప్రతి చోటా ఎర్ర గీత పెట్టి, కారణం రాసుకోండి. తర్వాత మీ ప్లాంటులో జరిగిన పాత సంఘటనలు, త్రుటిలో తప్పినవి ఒక్కొక్కటీ తీసుకుని, అవి చెట్టులో ఏ దారిలో పడతాయో చూడండి. ఏ దారిలోనూ పడనిది ఒక్కటి దొరికినా కొమ్మ ఒకటి తక్కువుందని అర్థం.

చెట్టు మీద తేదీ ఉండాలి. 2019 నవంబరులో గీసిన చెట్టుకి డిసెంబరులో మారిన పైపు తెలియదు, అందులో మ అన్న సంఘటనే ఉండకపోవచ్చు. అందుకని ప్లాంటులో మార్పులకు అనుమతి ఇచ్చే ఫారంలో ఒక గడి అదనంగా పెట్టండి: ఈ పని వల్ల చెట్టులో ఏ సంఘటన మారుతుంది, లేదా ఏది కొత్తగా పుడుతుంది? ఆ గడిలో "వర్తించదు" అని రాస్తే రాసినవారి పేరు, సంతకం కూడా పక్కనే ఉండాలి.